కొండను ఎత్తిన వాన

మా గవర్నర్‌పేటలో అన్నీ ఉన్నవిగాని, కొండ లేదు. కొండను చూడాలంటే మేడ ఎక్కాలి. ఎక్కితే పడమటివైపు ఇంద్రకీలాద్రి, తూర్పువైపు మొగల్రాజపురం కొండ, ఎదురింటివారి నీళ్ల ట్యాంకులూ అపార్టుమెంట్లూ దయతలచి వదిలిన సందుల్లోంచి కనిపిస్తాయి. బెజవాడలో పుట్టి పెరిగినవాణ్ణి గదా, అరవై ఏళ్లుగా వాటిని చూస్తూనే ఉన్నాను. చూడటమంటే, గోడగడియారాన్ని తగిలించిన మేకును చూసినట్లు. అది అక్కడ ఉన్నదని తెలుసు. ఎక్కడినుంచి వచ్చిందని ఎవరడుగుతారు?

అడిగింది మా మనవరాలు. మొన్న సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టింది. మెట్లమీద కొండపల్లి బొమ్మలు తీర్చాక, అడుగున ఒక కొండ కట్టాలన్నది. మా ఇంట్లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న ఆవిడ మర్నాడు గోనెసంచీలో రాళ్లు తెచ్చిపోసింది. ఆమె కాపురం మొగల్రాజపురం కొండవాలు మీద. అక్కడ రాళ్లకు కరువేమున్నది?

పిల్ల ఒక రాయిని కడిగి, ఎండలోకి పట్టుకుని, "తాతయ్యా! దీంట్లో దానిమ్మగింజలున్నాయి!" అని కేకపెట్టింది. నిజమే. బూడిదరంగు రాతినిండా కందిగింజంత, శనగగింజంత ఎర్రటి పూసలు పొదిగినట్లున్నాయి.

"ఈ రాయి ఎక్కడిది?"

"కొండది."

"కొండ ఎక్కడిది?"

నాకు జవాబు తోచలేదు. ఇంతలో రాళ్లు తెచ్చిన ఆవిడే నన్ను ఆదుకున్నది. కాకపోతే, ఇంకో ప్రశ్నతో.

"బాబుగారూ, ఓ యాభైవేలు సర్దుతారా? పిల్లోడికి పెళ్లి కుదిరింది. ఇంటెనక కొండ కాస్త చెక్కి గది దింపుదామనుకుంటన్నాం. ఈ రాళ్లు అక్కడ తవ్వినయ్యే. వానాకాలం రాకముందే అయిపోవాల."

"చూద్దాంలే అమ్మాయ్" అన్నాను. చూద్దాంలే అంటే ఇస్తాననే అర్థమని ఆమెకూ తెలుసు, లోపల వంటింట్లో వింటున్న మా ఆవిడకూ తెలుసు.

కనుమనాడు గారెలు తినడానికి మా బావగారు వచ్చారు. ఆయన భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పాఠాలు చెప్పడం మాత్రం మానలేదు. మనవరాలు రాయి తెచ్చి చేతిలో పెట్టగానే ఆయన రెండో గారె పక్కన పెట్టేశారు. అది మామూలు సంగతి కాదు.

"ఇది మన ఊరి రాయి. పూర్వపు భూగర్భశాస్త్రజ్ఞులు దీన్ని 'బెజవాడ నైస్' అన్నారు తెలుసా?" అన్నారు.

"మన ఊరు నైస్ అని వాళ్లకు కూడా తెలిసిందన్నమాట" అన్నాను.

ఆ నైస్ కాదట. చారలు చారలుగా పొరలు తీరిన రాతిని నైస్ అంటారు. అయితే మన పేరు నిలవలేదు. 1902లో వాకర్ అనే శాస్త్రజ్ఞుడు ఒరిస్సా కొండల్లో ఇదే జాతి రాతిని పరిశీలించి, అక్కడి ఖోండు జనం పేరుమీద 'ఖొండలైట్' అని పేరుపెట్టాడు. అదే స్థిరపడిపోయింది. అందులోని ఎర్రగింజలు గార్నెట్లు. గార్నెట్ అన్న మాటకు మూలం లాటిన్‌లో దానిమ్మకు ఉన్న పేరే. అంటే మా పిల్ల పెట్టిన పేరూ, పండితులు పెట్టిన పేరూ ఒక్కటే. జ్యోతిష్కులు ఉంగరంలో పెట్టించే గోమేధికం కూడా ఈ గార్నెట్ల కుటుంబంలోదే. ఉంగరాలకోసం ఇప్పుడు కొండమీదికి పరుగెత్తకండి సుమా! మన కొండల్లోవి పగిలి, నెరిసి, నగకు పనికిరాని సరుకు.

ఈ రాతికి ఒక తోబుట్టువున్నది. కొండపల్లి కొండల్లో కనిపించే నల్లటి, జిడ్డు మెరుపు ఉన్న గట్టి రాయి. దాని పేరు చార్నొకైట్. ఆ పేరు వచ్చిన తీరు వింతగా ఉంటుంది. కలకత్తాలో ఆంగ్లేయుల స్థావరానికి ఆద్యుడైన జాబ్ చార్నాక్ సమాధిమీది రాయి మద్రాసు దగ్గరనుంచి పోయిన రాయి. 1893లో థామస్ హాలండ్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని పరిశీలించి, సమాధిలో ఉన్న మనిషి పేరే మీదనున్న రాతికి పెట్టాడు. బతికి ఉండగా ఆ పెద్దమనిషికి ఈ రాయి సంగతే తెలియదు.

పేర్లు సరే. పుట్టుక మాటేమిటి?

"ఈ రాయి ఒకప్పుడు బురద" అన్నారు బావగారు.

మా మనవరాలు నవ్వింది. నేనూ నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగాను.

ఏదో ప్రాచీన సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టీ ఇసుకా అది. తర్వాత భూఖండాలు ఒకదానితో ఒకటి ఢీకొన్నాయి. అప్పుడు అంచులు ముడతపడి, ఒకదానిమీద ఒకటి ఎక్కి, ఆ బురద పేరుకున్న నేల పాతిక ముప్ఫై కిలోమీటర్ల లోతుకు దిగిపోయింది. ఈ ఇంట్లోంచి అటు కొండపల్లి ఇరవై కిలోమీటర్లుండదు. అంత దూరాన్ని నిలువునా భూమిలోకి దింపి, ఇంకా కిందికి పొమ్మనండి. అక్కడ వేడి 800 నుంచి 1000 డిగ్రీలు. మీద పడే బరువు, మనమీద గాలి మోపే ఒత్తిడికి సుమారు ఎనిమిదివేల రెట్లు.

"అంత వేడికి కరిగిపోదా తాతయ్యా?" అని పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. కొంత కరిగిపోయింది. కరిగిన భాగం, దాంతోపాటు మట్టిలోని నీరు, పైకి తప్పించుకున్నాయి. మిగిలినది ఎండిపోయి, గట్టిపడి, కొత్త ఖనిజాలుగా పేరుకున్నది. గార్నెట్లు అప్పుడు పుట్టినవే.

లోపలినుంచి మా ఆవిడ, "పాలు మరిగించి కోవా తీసినట్లన్నమాట" అన్నది. బావగారు ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆ పోలిక తనకు తట్టనందుకు కాస్త నొచ్చుకున్నట్లు కనిపించారు. ఎందుకంటే ఆ పోలికలో ఇంకో రహస్యం కూడా ఉన్నది. కోవా చల్లారినంతమాత్రాన మళ్లీ పాలు కాదు. పోయిన నీరు తిరిగి రావాలి గదా. ఈ రాళ్లూ అంతే. పైకి వచ్చి చల్లబడినా, నీరు లేదు గనుక, మళ్లీ మట్టిగా మారలేదు. లోతుల్లోని రూపంతోనే వచ్చి మన ఎదుట నిలబడ్డాయి. అందుకే గార్నెట్టునూ, దాన్ని ఆనుకున్న ఖనిజాలనూ తూచినట్లు పరీక్షించి, ఎంత లోతులో ఎంత వేడిలో ఉడికాయో శాస్త్రజ్ఞులు లెక్కకట్టగలుగుతున్నారు.

"ఇదంతా ఎన్నాళ్ల కిందట?" అన్నాను.

రాతిలో జిర్కాన్ అనే ఇసుకరేణువంత గింజలుంటాయి. వాటిలో యురేనియం చిక్కుకుని, మెల్లమెల్లగా సీసంగా మారుతుంటుంది. అందులో ముఖ్యమైన రకం సగానికి సగం మారడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. ఎంత మారిందో చూస్తే వయస్సు తెలుస్తుంది. ఆ లెక్కన కృష్ణానది చుట్టుపట్ల కొండల్లోని ఈ రాళ్లు ఉడికి సుమారు 160 కోట్ల ఏళ్లయింది. ఇంకా ఉత్తరాన, గోదావరికి ఆవల, తూర్పుకనుమలు అంతకన్న చిన్నవి. అక్కడి రాళ్లు మళ్లీ ఉడికి 100 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ.

అంత సంఖ్య వింటే మనకు కళ్లు తిరుగుతాయి గాని, మన పురోహితులకు తిరగవు. సంకల్పంలో రోజూ చెప్పుకునే శ్వేతవరాహ కల్పం 432 కోట్ల ఏళ్లు. ఆ మాటే పట్టుకుని, "పోనీ బావగారూ, వరాహమూర్తి కోరమీద భూమిని ఎత్తినట్లు, ఈ కొండనూ ఎవరో ఎత్తి ఉంటారా? ముప్ఫై కిలోమీటర్ల లోతున ఉన్నది పైకెట్లా వచ్చింది?" అని వేళాకోళం చేశాను.

"వరాహం కాదు, వాన" అన్నారాయన.

నేను చిన్నప్పుడు బందరు కాలువమీద పడవలు చూసేవాణ్ణి. ధాన్యం బస్తాలు నింపితే పడవ అంచుదాకా మునిగేది. రేవులో కూలీలు ఒక్కొక్క బస్తా దించుతుంటే, ఎవరూ ఎత్తకుండానే పడవ పైకి లేచేది. అడుగున నాచుపట్టిన చెక్క మెల్లగా బయటపడేది. భూమి పైపెంకు కూడా, కింద ఉన్న అంతకన్న బరువైన రాతిమీద పడవలాగే తేలుతున్నదట. ఆ కింది రాయి నీళ్లలాంటిది కాదు. గట్టిదే. కాని లక్షల ఏళ్ల లెక్కలో చూస్తే, మైనంలాగా మెల్లగా సాగుతుంది.

ఈ సంగతి బయటపడింది కూడా మన దేశంలోనే. ఎవరెస్టు పేరుమీద శిఖరం ఉన్నది చూశారూ, ఆ ఎవరెస్టు దొర హయాంలో ఉత్తరాదిన భూమిని కొలిచారు. మేస్త్రీ గోడ నిలువు చూసుకునే దారపు గుండులాంటిదే వారికీ ఆధారం. హిమాలయాలంత బరువు పక్కనుంటే గుండు అటు కొంచెం లాగబడాలి గదా. లాగబడింది గాని, లెక్కప్రకారం రావలసినదానిలో మూడోవంతే. 1855లో ప్రాట్ అనే కలకత్తా మతాధికారి ఈ లెక్క బయటపెట్టాడు. అదే ఏడు ఎయిరీ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు దానికి సమాధానం చెప్పాడు. కొండకు పైన ఎంత ఎత్తున్నదో, కింద అంతకు ఎన్నోరెట్లు వేరున్నది. బరువైన రాయి ఉండవలసిన చోట తేలిక రాతి వేరు ఉండబట్టి గుండు లాగుడు తగ్గింది. టిబెట్టు కింద భూమి పైపెంకు మందం ఇప్పటికీ 70 కిలోమీటర్లు. మామూలుగా 35, 40 మాత్రమే.

160 కోట్ల ఏళ్ల కిందట మన ప్రాంతమూ పెద్ద పర్వతాల నేలే. వానలు ఆ పర్వతాలను కడిగాయి. నదులు మట్టిని మోసుకుపోయాయి. ఒక కిలోమీటరు మందం కొట్టుకుపోతే, బరువు తగ్గిన నేల అడుగునుంచి సుమారు 800 మీటర్లు పైకి తేలుతుంది. నికరంగా ఎత్తు తగ్గేది 200 మీటర్లే. మళ్లీ వాన, మళ్లీ కోత, మళ్లీ తేలడం. దీనికి తోడు పక్కనుంచి నెట్టే శక్తులు ఈ పొరలను పడమటి రాళ్లమీదికి ఎక్కించాయి. అట్లా ఒక్కొక్క బస్తా దిగగా దిగగా, పడవ అడుగు బయటపడింది. ఇంద్రకీలాద్రి అంటే పర్వతం శిఖరం కాదు, పర్వతం పునాది అన్నమాట!

మన ఊరి పేరుకు చెప్పే కథ గుర్తున్నది గదా. కృష్ణమ్మ కొండకు బెజ్జం చేసుకుని సముద్రానికి దారి తీసుకున్నదిగనుక బెజ్జంవాడ అయిందని మా నాయనమ్మ చెప్పేది. ఆ బెజ్జం మధ్యనే 1855లో ఆనకట్ట పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజీ అయింది. నీరు కొండను తొలిచిందన్న సంగతి మన వాళ్లు ఊరి పేరులోనే దాచుకున్నారు.

అప్పటికి గారెలు చల్లారాయి. బావగారు మళ్లీ పళ్లెం దగ్గరికి జరిగి, మామూలుగా ఒక మాటన్నారు. "అయితే ఒకటి. లోతులో పుట్టిన రాయికి ఈ పైలోకం పడదు."

అదేమిటన్నాను. అంత బరువు కింద పుట్టిన రాయి, బరువు దిగిపోయేసరికి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించి, కొండ పైభాగానికి సమాంతరంగా ఉల్లిపొరల్లాగా బీటలిస్తుంది. ఆ బీటల్లోకి వాననీరు దిగుతుంది. 160 కోట్ల ఏళ్ల కిందట పోయిన నీరు తిరిగి వచ్చిందన్నమాట. ఇక కోవా మళ్లీ నీళ్లవడం మొదలు. ఫెల్డ్‌స్పార్ అనే తెల్లటి ఖనిజం బంకమట్టి అవుతుంది. గార్నెట్టులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రమన్ను అవుతుంది. రాతిపలకల నడుమ ఆ మట్టి తడిస్తే జారుడుబల్లే. పలకను నిలబెట్టేది దాని పాదం దగ్గర ఉన్న రాయి ఒక్కటే. ఆ పాదాన్ని చెక్కేస్తే, పై పలకకు ఆధారం లేదు.

పాదాన్ని చెక్కేస్తే! నా చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది.

2020 అక్టోబరు 21న, దసరా ఉత్సవాలలో మూలానక్షత్రం రోజున, అమ్మవారి కొండమీద చరియలు జారిపడ్డాయి. 2024 ఆగస్టు 31న, ఆ కుంభవృష్టిలో, మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్లమీద పడి ప్రాణాలు తీశాయి. మర్నాటినుంచి బుడమేరు వరద ఊరిని ముంచేసరికి, అందరం నీళ్ల సంగతే మాట్లాడుకున్నాం. కొండ సంగతి మరిచాం. నేనైతే నిజంగా మరిచాను. లేకపోతే 'చూద్దాంలే' అంటానా?

మర్నాడు ఆమెతో చెప్పాను. కొండ చెక్కడానికి డబ్బివ్వనన్నాను. వానా, పడవా, ఉల్లిపొరలూ, నాకు తెలిసినంతలో అన్నీ వివరించాను. ఆమె గిన్నెలు తోముతూ అంతా విన్నది.

"కొండ యాడికి పోద్ది బాబుగారూ? మా అత్త పుట్టకముందునించీ ఉన్నదే గదా" అన్నది. తర్వాత కాసేపాగి, "తమరు నేలమీద ఉన్నారు, చెబుతారు. మాకు కిందెక్కడుంది చోటు?" అన్నది.

160 కోట్ల ఏళ్ల లెక్క చెప్పినవాణ్ణి, దీనికి జవాబు చెప్పలేకపోయాను.

ఆదివారం పొద్దున్నే బావగారిని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. మెట్లు ఎక్కేసరికి ఇద్దరికీ ఆయాసం. పదిహేనేళ్లుగా ఆమె రోజూ దిగి ఎక్కే మెట్లవి. ఇంటి వెనక ఆరడుగులు చెక్కి ఉన్నది. ఆ పైన రాతిపలకలు ఇంటివైపే వాలి ఉన్నాయి. వాటిమధ్య నాలుగువేళ్ల మందాన ఎర్రమన్ను. ఒక బీటలో రావిమొక్క వేళ్లు దిగి ఉన్నది. బావగారు ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం చూసి ఆమె మగడు గడ్డపలుగు తీసుకుపోయి మూలన పెట్టాడు.

కొండవాలున ఉండేవారికి, వారి ఎరికలో ఉన్నవారికి, బావగారు చెప్పిన గుర్తులు నాలుగు రాస్తాను. వాలుమీద కొత్తగా నెర్రెలు కనిపించినా, చెట్లూ స్తంభాలూ ఒకవైపుకు ఒరిగినా, మొన్నటిదాకా బాగా పడిన తలుపు ఇవ్వాళ పడకపోయినా, ఎన్నడూ లేనిది కొండలోంచి బురదనీరు ఊరినా, ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకోరాదు. వాడకం నీళ్లు కొండలోకి ఇంకకుండా తూముద్వారా కిందికి పంపాలి. పాదం చెక్కకూడదు. ఇప్పటికే చెక్కి ఉంటే, తెలిసిన ఇంజనీరు చూసి చెప్పాలి గాని మేస్త్రీ ధైర్యం చాలదు.

ఇక యాభైవేల సంగతి. డబ్బు ఇచ్చాను. పటమటలో ఒక చిన్న వాటాకు అడ్వాన్సూ, కొన్ని నెలల అద్దే కింద కొడుకూ కోడలూ దిగారు. తర్వాత అద్దె ఎట్లా అన్నది వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. ఆమే, మగడూ పైనే ఉన్నారు. ఇద్దరు దిగారు, ఇద్దరు మిగిలారు. ఇదేమీ గొప్ప పరిష్కారం కాదని మీరంటే, కాదనను.

బొమ్మలకొలువు ఎత్తేసినా, గార్నెట్ల రాయిని మా మనవరాలు తన పుస్తకాల బల్లమీద పెట్టుకున్నది. నేను మాత్రం ఇప్పుడు వాన వస్తే మేడ ఎక్కి తూర్పువైపు చూస్తున్నాను. మొన్న తొలకరి కురిసిన సాయంత్రం ఆమె గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బాబుగారూ, గట్టివానలొచ్చిన రాత్రి మీ మేడమీద గదిలో పడుకోమన్నారంట గదా అమ్మగారు. అర్ధరాత్రి మిమ్మల్ని లేపడమెందుకు? తాళం నా దగ్గరే ఉంచండి" అన్నది.

ఆ తాళంచెవి ఇప్పుడు ఆమె కొంగున ఉన్నది.